ఎడమకి వాలిన కుట్లు

తాను సూదిపిన్నేనని రుజువు చేసుకోవడానికి వీడియోల కంపెనీవాళ్ళు ఆమెకి ఏడు రోజులు గడువిచ్చారు. అందులో రెండు రోజులు ఆ ఉత్తరాన్ని తిట్టుకోవడంలోనే అయిపోయాయి.

"నేను నేనేనని వాళ్ళకి నేను చెప్పుకోవాలా?" అంది సూదిపిన్ని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. "అడగడానికి వాళ్ళెవరు? వాళ్ళు వాళ్ళేనని నాకెవరు చెప్పారు?"

ఎదురుగా అక్క కూతురు కూర్చుని ఉంది. ఇరవై ఏడేళ్ళ పిల్ల, వీధి చివర ఫోటో స్టూడియోలో పని చేస్తుంది. మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని పిన్ని గదికి వచ్చి, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫోనులో పిన్ని వీడియోల పేజీ పనులు చక్కబెట్టి పోతుంది. ఆ రోజు డబ్బా మూత కూడా తీయలేదు.

సూదిపిన్ని చేసేది రఫూ పని. కోటుకి పురుగు కొట్టిన కన్నం, ప్యాంటుకి మేకు తగిలి పడ్డ చిరుగు, శాలువా మీద నిప్పురవ్వ పడి కాలిన చోటు, ఇలాంటివి ఆమె దగ్గరికి వస్తాయి. అతుకు వేయడం ఆమెకి గిట్టదు. ఆ బట్ట మడతలోంచే నాలుగు పోగులు లాగి, చిరిగిన చోట నిలువు పోగులు పరిచి, అడ్డపోగు ఒకదాని మీదుగా ఒకదాని కిందుగా పోనిచ్చి మళ్ళీ నేసినంత పని చేస్తుంది. రఫూ బాగా కుదిరిందంటే అక్కడ రఫూ జరిగినట్టే తెలియకూడదు. లాండ్రీ మీద మొదటి అంతస్తులో, కిటికీ పక్క పొడుగాటి బల్ల ముందు, కింద నుంచి వచ్చే ఇస్త్రీ ఆవిరి వాసన పీల్చుకుంటూ ముప్ఫై నాలుగేళ్ళు ఆమె అలా ఎవరికీ తెలియని పని చేసుకుంటూ వచ్చింది. నలుగురికీ తెలియాలన్న కోరిక తనకి లేదనే అనుకునేది. అది అబద్ధమని తర్వాత తేలింది లెండి.

నాలుగేళ్ళ కిందట అక్క కూతురు ఒక మధ్యాహ్నం ఊసుపోక ఆ చేతుల్ని ఫోనుతో తీసింది.

"మొహం కూడా తీయనా పిన్నీ?"

"మొహమెందుకే? మొహంతో కుడతానా?"

అంతే, మొహం లేదు. మాట కూడా లేదు, పని చేసేటప్పుడు ఆమె నోరు విప్పదు కాబట్టి. వీడియోలో ఉండేవి రెండు చేతులు, సూది, పోగు కత్తిరించిన చప్పుడు. కింద రాసే మాటలన్నీ అక్క కూతురివి. 'బంగారాల్లారా, ఇవాళ మనం మోచేతి దగ్గర చిరిగిన కోటు చూద్దాం' అంటూ మొదలుపెట్టేది. అసలు పిన్ని ఈ భూమ్మీద ఎవర్నీ బంగారం అని పిలిచిన దాఖలా లేదు. సొంత అక్క కూతుర్నే 'ఒసేయ్' అంటుంది. ఇక ఆ పేరు కూడా చూసేవాళ్ళు పెట్టిందే. ఈ సూది పిన్ని ఎవరండీ అని ఎవరో అడిగారు, అది అతుక్కుపోయింది. పేరు వాళ్ళది, మాటలు పిల్లవి, చేతులు మాత్రం ఆమెవి. లక్షన్నర మంది వాటిని చూడసాగారు. ఎక్కడెక్కడి నుంచో కొరియర్లో బట్టలు రావడం మొదలైంది.

ఆమె మాత్రం ఒక్క వీడియో చూసి ఎరగదు. కళ్ళు పనికి దాచుకోవాలి, నేను కుట్టింది నేను చూడటమేంటి అనేది. చూసినవాళ్ళు రాసే మాటలు మాత్రం చదివించుకునేది. 'మీ చేతులు ఎంత హాయిగా కదులుతున్నాయో' అని అక్క కూతురు చదివితే, సూది ఆపకుండానే, "ఇంకోసారి చదువు, సరిగ్గా వినపడలేదు" అనేది. ఆమెవి పాము చెవులు. పక్కవీధిలో పిన్నీసు పడినా వినపడుతుంది. ఆ మాటలంటే ఆమెకి ఎంత ఇష్టమో ఆ పిల్లకి తెలుసు, ఎందుకంత ఇష్టమో మాత్రం తెలియదు.

ఇలా నడుస్తుండగా ఇంకో పేజీ పుట్టింది. అదే పేరు, అదే బొమ్మ, అవే వీడియోలు. వాటికి తోడు కంప్యూటరుతో తయారుచేసిన కొత్త వీడియోలు, అచ్చం ఆ చేతుల్లాంటి చేతులతో. 'నా వీడియోలు దొంగిలించి ఎవరో పేజీ నడుపుతున్నారు, మోసపోకండి బంగారాల్లారా, నా క్లాసులకి ఇక్కడే పేర్లివ్వండి' అని అందులో రాశారు. పైగా ముందు వాళ్ళే వెళ్ళి కంపెనీకి ఫిర్యాదు చేశారు. ఎంత గుండెలు తీసినవాళ్ళో చూడండి. ఏడు రోజుల్లో రుజువు చూపించకపోతే పేజీ తీసేస్తామన్న ఉత్తరం అలా అసలామె ఇంటికి వచ్చింది.

మూడో రోజు గుర్తింపు కార్డు పంపారు. గంటలో జవాబొచ్చింది. కార్డు మీది పేరుకీ పేజీ పేరుకీ సంబంధం కనబడటం లేదట. కార్డు మీది ముఖం పేజీలో ఎక్కడా లేదట.

"నిజమే చెప్పారుగా," అన్నాడు లాండ్రీ ఆయన, ఇస్త్రీ చేసిన బట్టలు ఇవ్వడానికి పైకొచ్చినవాడు. "అక్కయ్యా, నేనొచ్చి సాక్ష్యం చెప్తాను. పదకొండేళ్ళుగా పొద్దున్నే మీ కుర్చీ లాగిన చప్పుడు వినే నేను ఇస్త్రీపెట్టె వేడి పెడుతున్నాను. ఇంతకన్నా ఏం రుజువు కావాలి?"

"అది రాయడానికి వాళ్ళ ఫారంలో గడి లేదు బాబాయ్," అంది అక్క కూతురు నీరసంగా.

"గడి లేకపోతే గీసుకోమను."

సూదిపిన్ని నవ్వలేదు. ఆమెకి నిజంగా కష్టం కలిగింది. బట్టలు రాకపోతే పోనీ, ముందు కూడా బతికింది. తనని దొంగ అన్నారు, అది ఒళ్ళు మండించింది. అంతకన్నా లోపల ఇంకొకటి కలుక్కుమంటోంది. ఈ చేతుల్ని ఇన్నాళ్ళకి నాలుగు కళ్ళు మెచ్చుకున్నాయి. ఆ మెప్పు తీసుకుపోయి ఇంకెవరి చేతులకో తొడుగుతుంటే చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

"లైవ్ అంటావే, అది పెట్టు," అంది. "అందరూ చూస్తుండగా కుడతాను. కుట్టు చూస్తే తెలియదా ఎవరిదో?"

అక్క కూతురి మొహంలో రంగు మారింది. "లైవ్ ఎందుకులే పిన్నీ. ఇంకేదైనా దారి చూద్దాం."

"ఎందుకు వద్దు?"

"ఊరికే."

"ఊరికే అయితే పెట్టు."

నాలుగో రోజు పిల్ల స్టూడియోకి సెలవు పెట్టింది. పదిన్నరకి కిటికీలోంచి వెలుతురు సరిగ్గా బల్ల మీద పడుతుంది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, బూడిదరంగు కోటు మోచెయ్యి పైకి వచ్చేలా పెట్టి, ఫోనుని కడ్డీకి బిగించారు. పదకొండు వేలమంది వచ్చి కూర్చున్నారు. అసలెవరో నకిలీ ఎవరో తేలే తమాషా అంటే ఎవరికి చేదు?

"అందరికీ నమస్కారం," అంది ఆమె మొదటిసారిగా. "నేనే మీరు సూదిపిన్ని అనే ఆవిణ్ణి. ఇదిగో నా పని." అని, సూదిలో పోగెక్కించి మొదలుపెట్టింది.

చేతులు పనిలో పడ్డాక ఆమెకి లోకం ఉండదు. నాలుగు నిలువు పోగులు పరిచాక, పక్కన అక్క కూతురు చూసేవాళ్ళ మాటలు చదవడం ఆపేసిందని గమనించింది.

"ఏమంటున్నారే?"

"బాగుందంటున్నారు."

"బాగుందంటే నీ గొంతు అలా దిగిపోదు. చదువు."

పిల్ల నీళ్ళు నమిలింది. తర్వాత ఒక్కొక్కటే చదివింది. ఎడమచేత్తో కుడుతోందేంటి అని ఒకరు. సూదిపిన్నిది కుడిచెయ్యి, ఈవిడెవరో అని ఇంకొకరు. బొటనవేలి మొదట్లో కాలిన మచ్చ కుడిచేతికి కదా ఉండాలి, ఎడమచేతికి పెయింటు వేసుకున్నారా అని మరొకరు. గొంతు కూడా తేడాగా ఉందని ఒకాయన తేల్చేశాడు, ఆ గొంతు తను అంతకుముందు ఎన్నడూ వినలేదన్న సంగతి మరిచిపోయి. ఒక్కసారి కూడా బంగారాల్లారా అనలేదు చూశారా అని ఒకామె పట్టేసింది. ఇక ఆ తర్వాత వరసగా దొంగ, దొంగ, దొంగ.

"కుడిచెయ్యేంటి?" అంది సూదిపిన్ని. "నేను కుడిచేత్తో ఎప్పుడు కుట్టాను?"

అక్క కూతురు తల దించుకుంది. ఆ దించుకోవడంలోనే చాలావరకు అర్థమైపోయింది.

"ఒక్క నిమిషం ఆగండి," అని కెమెరాతో చెప్పి, సూదిపిన్ని కడ్డీ నుంచి ఫోను ఊడదీసి బల్ల మీద బోర్లా పెట్టింది. పదకొండు వేలమందికి నల్లటి చీకటి మిగిలింది. చప్పుడు కూడా వినపడకుండా ఆ పిల్ల మీట నొక్కింది.

"చెప్పు."

చెప్పింది. స్టూడియోలో అదొక అలవాటు. ఫోటో దిగినవాళ్ళు దాన్ని చేతిలోకి తీసుకుని, ఇది నాలా లేదండీ అంటారు. ఎందుకుంటుంది, వాళ్ళు రోజూ చూసుకునేది అద్దంలో మొహాన్ని. పాపిట అటుపక్కది ఇటుపక్కకి వస్తే తమని తామే గుర్తుపట్టలేరు. అప్పుడు లోపలికి తీసుకెళ్ళి, ఒక్క మీట నొక్కి బొమ్మని కుడి ఎడమలు మార్చి తెచ్చిస్తారు. ఆ, ఇప్పుడు నేనే అని సంబరంగా పట్టుకుపోతారు. స్టూడియో ఆయన ఆమెకి మొదటి వారం నేర్పిన విద్య అదే. వీడియోలు మొదలుపెట్టిన కొత్తలో నేర్చుకునేవాళ్ళు గోల పెట్టారు, ఎడమచేత్తో చేస్తే మాకు అందట్లేదు, అయోమయంగా ఉంది అని. చెయ్యి అలవాటుగా మీట మీదికి పోయింది. ముందు పెట్టిన మూడూ తీసేసి అవీ తిప్పి పెట్టింది. అప్పటినుంచీ లోకానికి సూదిపిన్ని కుడిచేతివాటం మనిషి.

"నన్నడిగావా?"

"చిన్న విషయం అనుకున్నాను పిన్నీ. తిప్పినా చేతులు నీవే కదా."

సూదిపిన్ని అరవలేదు. అరిచి ఉంటే ఆ పిల్లకి తేలికగా ఉండేది. సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టి, ఎడమచేతిని బల్ల మీద పరుచుకుని చూసింది.

"బడిలో నన్ను పుర్రచేతిదానా అనేవాళ్ళు," అంది. "మా టీచరు ఈ చేతిని రిబ్బనుతో బల్లకాలికి కట్టేసేది. కుడిచేత్తో రాస్తే విప్పుతానని. పలక మీద నా రాత చూస్తే కాకి తొక్కినట్టుండేది, మొద్దువి అని అందరూ నవ్వేవాళ్ళు. మీ అమ్మ నాకన్నా రెండు తరగతులు పెద్ద. గంట కొట్టగానే పరిగెత్తుకొచ్చి ముడి విప్పేది. మళ్ళీ గంట కొట్టేలోపల తనే కట్టేది, టీచరుకి తెలియకుండా. తను కట్టిన ముడి వదులుగా ఉండేది."

అక్క కూతురికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళమ్మ కూడా చెప్పలేదు.

"ఎవడో చేతులు బాగున్నాయంటే నేను మళ్ళీ మళ్ళీ చదివించుకున్నానే. ఈ చేతిని లక్షన్నర మంది చూస్తున్నారనుకున్నాను. ఆ టీచరు బతికుంటే తనూ చూస్తుందేమోనని కూడా అనుకున్నాను, నవ్వుకో. నాలుగేళ్ళు నువ్వు చూపించింది దీన్ని కాదు."

పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిన్ని ఓదార్చలేదు. ఓదార్చే స్థితిలో లేదు. ఫోను బోర్లా పడుకుని గిజగిజలాడుతూనే ఉంది.

ఉన్నట్టుండి సూదిపిన్ని కళ్ళజోడు కళ్ళ మీదికి దింపుకుంది.

"ఏడుపాపి ఒకటి చెప్పు. ఆ దొంగపేజీవాళ్ళు ఎత్తుకెళ్ళింది నువ్వు తిప్పిన వీడియోలేగా?"

"ఆఁ."

"కంప్యూటరుతో చేసిన చేతులు?"

"అవీ కుడిచేతివాటమే. వాటిని చూసే కదా చేసుకుంటారు."

"అయితే వాళ్ళు ఎత్తుకెళ్ళింది నన్ను కాదు," అంది సూదిపిన్ని, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "నువ్వు చేసిపెట్టినదాన్ని. ఫోను నిలబెట్టు."

"ఏం చేస్తావు పిన్నీ?"

"నిలబెట్టమన్నానా."

నిలబెట్టింది. అప్పటికి చూసేవాళ్ళు పద్దెనిమిది వేలయ్యారు. దొంగ పారిపోయిందని ఎవరో పుకారు లేపారట, అది చూడటానికి ఇంకా జనం ఎగబడ్డారు.

"పారిపోలేదు, ఇక్కడే ఉన్నాను," అంది ఆమె, స్థిమితంగా. "ఆ రెండో పేజీ నడిపే మనిషి కూడా ఇప్పుడు చూస్తూ ఉంటారు. వాళ్ళకి ఒక్క ప్రశ్న. సూదిపిన్ని చేతిలోంచి పోయిన ప్రతి బట్టకీ, లోపలివైపు, నేసిన చోటు అంచు చుట్టూ పోగులు విడిపోకుండా వాలుకుట్లు ఉంటాయి. అవి ఏ పక్కకి వాలి ఉంటాయో చెప్పండి. కుట్టినవాళ్ళకి ఇది అన్నం తిన్నంత తేలిక."

నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. రెండో పేజీలో జవాబు పడింది, మూడు వీడియోల బొమ్మలు సాక్ష్యంగా పెట్టి మరీ. 'కుడికి వాలి ఉంటాయి బంగారాల్లారా, నా ఏ వీడియో చూసినా తెలుస్తుంది.' చూసేవాళ్ళు చప్పట్ల బొమ్మలు గుప్పించారు. అక్క కూతురు అది చదివి వినిపించింది.

"మంచిది," అంది సూదిపిన్ని. "ఇప్పుడు నా దగ్గర బట్ట బాగుచేయించుకున్నవాళ్ళంతా లేవండి. బీరువా తీయండి. బట్ట తిరగేసి, కుట్ల వరస అడ్డంగా పట్టుకుని చూడండి. ఏ కొస పైకి పెట్టినా తేడా రాదు. పైకొస ఏ పక్కకి వాలిందో ఇక్కడ రాయండి. ఫోటోలు మాత్రం పెట్టొద్దు. ఫోటోలు తిప్పేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. మీ కళ్ళతో చూసి రాయండి."

ఆ తర్వాత రెండు మూడు నిమిషాలు ఎవరూ ఏమీ రాయలేదు. ఎన్నో ఇళ్ళలో, ఎక్కడెక్కడో, జనం కుర్చీల్లోంచి లేచి బీరువాలు తెరుస్తున్నారు. సూదిపిన్ని ఆ ఖాళీలో కోటు మీద పని సాగించింది, ఎడమచేత్తోనే. అక్క కూతురు గోళ్ళు కొరుక్కుంది. ఆ రెండు నిమిషాల్లో ఆ పిల్ల ప్రాణం ఎన్నిసార్లు పోయి వచ్చిందో లెక్క లేదు.

మొదటి మాట ఒక బస్సు డ్రైవరుది. 'యూనిఫారం చొక్కా. భుజం దగ్గర. ఎడమకి.'

తర్వాత ఒక ముసలామె. 'మా ఆయన కోటు. ఆయన పోయాక దాన్ని తిరగేయడం ఇదే. ఎడమకి వాలాయి తల్లీ.'

ఆ తర్వాత ఇక ఆగలేదు. లెక్కల టీచరు శాలువా, ఎడమకి. బాంకు గుమాస్తా కోటు, ఒంటి మీదిది ఆఫీసులోనే విప్పి తిరగేశాడట, మేనేజరు కూడా వచ్చి చూశాడట, ఎడమకి. చిన్నప్పటి దుప్పటి, ఎడమకి. ఎడమకి, ఎడమకి. అక్క కూతురు చదవలేక తడబడుతోంది.

మధ్యలో ఒకాయన, నాది కుడికి వాలింది అని రాశాడు.

"ఏం బట్టండీ?" అని అడిగింది సూదిపిన్ని.

నీలం స్వెట్టరు అన్నాడు.

"నేను స్వెట్టర్లు ముట్టుకోను. అది ఇంకెవరో చేశారు. బాగా చేశారా?"

ఏదో ఫరవాలేదు అన్నాడాయన. అందరూ నవ్వారు. అప్పుడే మెట్లు దడదడలాడించుకుంటూ లాండ్రీ ఆయన పైకొచ్చాడు, ఎవరిదో నల్లకోటు లోపలివైపు బయటికి తిప్పి జెండాలా పట్టుకుని. "ఎడమకే అక్కయ్యా, ఎడమకే," అంటూ కెమెరాకి అడ్డం నిలబడ్డాడు. పదకొండేళ్ళ సాక్ష్యం చెప్పే అవకాశం ఆయనకి అలా దక్కింది.

సూదిపిన్ని అసలు సంగతి దాచుకోలేదు. వీడియోలు తిప్పి పెట్టామని, అది తమ తప్పేనని, తాను పుట్టింది పుర్రచేతితోనేనని విప్పి చెప్పింది. తిప్పిందెవరో మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఆ సాయంత్రానికి మూడువందల మంది తమ బట్టల సంగతి రాసి కంపెనీకి పంపారు. రెండో పేజీ తన జవాబు చెరిపేసుకుంది. చెరిపేలోపల వేలమంది దాన్ని దాచిపెట్టుకున్నారు. దాని వెనక ఎవరున్నారో ఇప్పటికీ తెలియదు. ఆరో రోజు కంపెనీ నుంచి ఒక్క వాక్యం వచ్చింది, మీ గుర్తింపు నిర్ధారించబడింది అని.

"చాలా సంతోషం," అంది సూదిపిన్ని. "నాకు ఎప్పుడో నిర్ధారించబడింది."

అక్క కూతురు డబ్బా తెరిచి, తినకుండా మెతుకులు కెలుకుతూ కూర్చుంది. "అమ్మకి ఫోన్లో అంతా చెప్పాను," అంది చివరికి. "నేను విప్పిన ముడి నువ్వు మళ్ళీ కట్టావా అంది. ఇంకేమీ అనకుండా పెట్టేసింది."

"మీ అమ్మకి నాటకాలెక్కువ. నేను మాట్లాడతాలే."

"మూడువందల నలభై వీడియోలున్నాయి పిన్నీ. అన్నీ మామూలుగా పెట్టేస్తాను."

సూదిపిన్ని ఆలోచించింది. కోపం చాలావరకు దిగిపోయింది. గెలిచిన మనిషికి మనసు కాస్త విశాలంగా ఉంటుంది. "వద్దులే. నేర్చుకునేవాళ్ళకి అలాగే వీలంటున్నారుగా. ఇక మీదట తీసేవి తిప్పకు, చాలు. నేనెవరో అందరికీ తెలిసిపోయింది. పాతదాని దారిన అది తిరుగుతుంది, దాంతో నాకేం పోటీ?"

ఆ మాట నిండా నమ్మే అంది. మర్నాడు మధ్యాహ్నం దాకా నమ్మింది కూడా.

మర్నాడు అక్క కూతురు ఉత్తరాలు చదువుతూ ఒకదాని దగ్గర ఆగిపోయింది. ఈసారి చదవమని అడిగించుకోలేదు, తనే మళ్ళీ మొదలుపెట్టింది. రాసింది ఒక తల్లి.

'మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఎడమచేత్తో సూది పట్టుకుంటుంది. సూదిపిన్నిని చూడు, కుడిచేత్తో ఎంత చక్కగా కుడుతుందో అని మీ వీడియో పెట్టి, రెండేళ్ళుగా చెయ్యి మార్పిస్తున్నాను. ఎడమచెయ్యి ఊరుకోదని దానిమీద కూర్చోబెట్టేదాన్ని. కుడిచేత్తో కుడితే అంతా వంకరే, ఏడ్చేది. మొన్న లైవ్ చూసి, అమ్మా, నాలాగే అంది. దానికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.'

సూదిపిన్ని చేతిలో సూది ఆగిపోయింది. సగం నేసిన అడ్డపోగు అలాగే వదిలేసింది. ముప్ఫై నాలుగేళ్ళలో పోగు మధ్యలో లేవడం ఆమెకి అదే మొదలు. కిటికీ దాకా నడిచి, వెనక్కి వచ్చి, కూర్చోకుండా కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. రిబ్బను రంగు జ్ఞాపకమొచ్చింది, ఆకుపచ్చ. మణికట్టు దగ్గర ఒరుసుకునేది. ఆ పిల్లకి రిబ్బను కట్టింది ఈసారి టీచరు కాదు. తన పేరు పెట్టుకుని, తన మచ్చ వేసుకుని, తను చూడకుండా వదిలేసిన ఆ రెండు చేతులే. పాతదాని దారిన అది తిరుగుతుందని నిన్ననే చేతులు దులుపుకుంది. అది ఎవరింట్లో ఏం చేసి వచ్చిందో ఇవాళ తెలిసింది. సిగ్గేసింది ఆమెకి.

"ఎన్నన్నావు?" అంది.

"మూడువందల నలభై."

"మొదటిదాని నుంచి మొదలుపెట్టు. నేను పక్కన కూర్చుంటాను."

"నువ్వు చూస్తావా? కళ్ళు పనికి దాచుకోవాలంటావుగా."

"ఇదీ పనే. జరుగు."

ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు. అక్క కూతురు మొదటి వీడియో తీసి మీట నొక్కింది. తెరమీద బల్ల అటుది ఇటయింది, కిటికీ వెలుతురు ఇటుది అటయింది, ఎడమపక్క నుంచి ఒక చెయ్యి సూది పట్టుకుని లోపలికి వచ్చింది. బొటనవేలి మొదట్లో మచ్చతో సహా. నాలుగేళ్ళ కిందటి చెయ్యి, ఇప్పటికన్నా కాస్త నునుపుగా ఉంది. సూదిపిన్ని ఆ వీడియో చివరిదాకా కదలకుండా చూసింది.

"బాగానే కుట్టాను," అంది.

"ఆవిడకి జవాబు రాయనా?"

"ఆవిడకి కాదు, పిల్లకి రాయి. నేను చెప్పినట్టు రాయి, నీ పైత్యం కలపకు." కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఆ చెయ్యి కింద నుంచి తీసెయ్. సూది దానికే ఇవ్వు. మొదట నాలుగు రోజులు మొరాయిస్తుంది, నాదీ మొరాయించింది. నువ్వు కుట్టిన మొదటి బట్ట నాకు పంపు, లోపలివైపు చూడాలి. అంతే."

అక్క కూతురు రాసింది. పంపబోతూ ఆగి, మొదటి వాక్యం ముందు వేలు పెట్టి, భయం భయంగా అడిగింది.

"మొదట్లో బంగారం అని రాయనా పిన్నీ? వద్దంటే రాయను."

సూదిపిన్ని బల్ల దగ్గరికి వెళ్ళి, వదిలేసిన అడ్డపోగు ఎడమచేత్తో అందుకుంది.

"ఆ పిల్లకైతే రాయి," అంది.